ఒరుయే తాళానికి పద్దెనిమిది కార్డులు

అరటిపళ్ళ అట్టపెట్టెలో పద్దెనిమిది గ్రాఫిక్స్ కార్డులు వచ్చాయి. దుమ్ము కొట్టుకుపోయి, ఫ్యాన్ల రెక్కలు విరిగి, కొన్నయితే మాడిన వాసన కొడుతూ ఉన్నాయి. పెట్టెమీద అంటించిన చీటీలో పంపినవాడి పేరు చదివి ఎలీహియా చేతిలోని స్క్రూడ్రైవర్ బల్లమీద పెట్టేసింది. విల్ఫ్రీదో ఒరుయే, ఎర్నందారియాస్.

తమ్ముణ్ణి పొట్టన పెట్టుకున్నవాడు ఆమె దగ్గరికే రిపేరుకు పంపాడు.

తెలిసి పంపాడా అంటే, వాడికంత సీను లేదు. సరిహద్దు ఊరైన సియుదాద్ దెల్ ఎస్తేలో కార్డులు బాగుచేసే కొట్లు వీధికి పది ఉన్నా, చచ్చిన కార్డుకు ప్రాణం పోయాలంటే ఎలీహియా చెయ్యి పడాల్సిందేనని అందరికీ తెలుసు. అందుకే పంపాడు. తమ్ముడు క్రిస్పీన్‌కూ ఆమెకూ తల్లి ఒక్కతే, తండ్రులు వేరు, ఇంటిపేర్లూ వేరు. శవం ఇంటికి వచ్చిన రోజున గానీ, ఆ తర్వాత తొమ్మిది రోజులు ప్రార్థనలు జరిగినప్పుడు గానీ ఒరుయే ఒక్కసారి ఆ గుమ్మం తొక్కి ఉంటే, ముందు వరసలో కూర్చున్న అక్క మొహం గుర్తుండేది. తొక్కలేదు. తన షెడ్డులో చచ్చిన మనిషికి వెనక ఎవరున్నారో అడిగి తెలుసుకోవాలన్న ఇంగితం కూడా లేని మనిషి.

క్రిస్పీన్ ఆ షెడ్డులో ఎలక్ట్రీషియన్. పక్కనున్న ఆనకట్ట కరెంటు చవకని ఎర్నందారియాస్ చుట్టూ లేచిన షెడ్లలో అదొకటి. లోపల వరసలు వరసలుగా, లెక్కలు చేసి డిజిటల్ నాణేలు పుట్టించే యంత్రాలు రాత్రీ పగలూ రొద పెడుతుంటాయి. కరెంటు ప్యానెల్ వెనక మనిషి పక్కవాటుగా దూరేంత సందు. రెండు పక్కలా కరెంటు పారే రాగి పట్టీలు. క్రిస్పీన్ సన్నగా ఉంటాడు కాబట్టి ఎప్పుడూ వాణ్ణే ఆ సందులోకి పంపేవాడు ఒరుయే. నవంబరులో ఒక మధ్యాహ్నం లోపలికి వెళ్ళినవాడు మళ్ళీ నడిచి బయటికి రాలేదు.

"తాగొచ్చాడు. బ్రేకరు తనే వేసుకుని, ఆ సంగతి మర్చిపోయి తనే లోపలికి దూరాడు," అని ఒరుయే ప్రాసిక్యూటరుకు చెప్పాడు. పెళ్ళిలో కూడా రెండో గ్లాసు ముట్టనివాడు క్రిస్పీన్. అయినా రేడియోలో అదే మాట వచ్చింది, బజార్లో అదే మాట నలిగింది. వాడి పెళ్ళాం సునీల్దా చిపా రొట్టెల బుట్ట నెత్తిన పెట్టుకుని బస్టాండుకు వెళితే, "తాగుబోతు పెళ్ళాం" అని వెనక నుంచి అన్నవాళ్ళున్నారు.

నిజం చెప్పగలిగింది ఒక్కటే ఉంది. ప్యానెల్ మీద కరెంటు ఆఫీసువాళ్ళు సీలు వేసిన ఒక నల్ల డబ్బా. బ్రేకరు తీసి కరెంటు ఎప్పుడు ఆపారు, వేసి ఎప్పుడు వదిలారు, ఎవరి గుర్తింపు కార్డుతో, ఎక్కడి నుంచి, అన్నీ తనలో రాసుకుంటుంది. సీలు ఉంది కాబట్టి ఒరుయే దాన్ని పీకలేడు, చెరపలేడు. కానీ అందులోని రాత తాళం వేసి ఉంటుంది. తాళంచెవి ఏదంటే, అది ఎలక్ట్రీషియన్‌కు ఒక్కడికే తెలుసని, వాడితోపాటే పోయిందని చేతులు దులుపుకున్నాడు. చచ్చినవాడి నెత్తిన రెండో నింద. ఇరవయ్యో తేదీలోగా కొత్త సాక్ష్యం రాకపోతే కేసు మూసేస్తారు. అట్టపెట్టె వచ్చింది ఎనిమిదో తేదీన.

ఆ మధ్యాహ్నమే సునీల్దా కొట్టుకు వచ్చింది. కేసు కాగితాల నకలుతోపాటు కోర్టువాళ్ళు ఇచ్చిన పెన్‌డ్రైవ్ ఆమె రవికెలో ఉంది. తాళం వేసిన ఆ రాత అందులోనే ఉంది.

"ఇదిగో వదినా. ఏం చేసుకుంటావో చేసుకో. నాకైతే ఇది ఇంట్లో ఉంటే నిద్ర పట్టట్లేదు."

ఎదుటి కొట్టు ఒబ్దూలియో కూడా వచ్చి కూర్చున్నాడు. పాత యంత్రాలు కొని అమ్ముకునే ముసలాయన. ఆయన తుక్కులో సరిగ్గా అలాంటి నల్ల డబ్బాయే ఒకటి దొరికితే, దాన్నీ దాని పోర్చుగీసు పుస్తకాన్నీ రెండు వారాలుగా ఎలీహియా నమిలి మింగేసింది.

"తాళంచెవి లేకపోతే ఉన్నవన్నీ పెట్టి చూడ్డమే కదే పిల్లా," అన్నాడు ఒబ్దూలియో. "దానికింత ఆలోచనెందుకు? నా గోడౌన్లో నాణేల యంత్రాలు మూడొందలున్నాయి. ఒక్కోటి సెకనుకు ఎన్ని లక్షల కోట్ల లెక్కలు చేస్తుందో తెలుసా? అన్నీ దీనిమీదకి వదులు."

"వదిలితే ఏం చేస్తాయి మామా? నాణేలే చేస్తాయి. ఆ చిప్పుకి పుట్టినప్పట్నుంచీ ఒకే పని వచ్చు. ఇంకో పని చెప్పాలంటే దానికి చెవులే లేవు."

"మరి నీ కంప్యూటరు?"

"చెప్పిన మాట వింటుంది గానీ నెమ్మది. ఆరేళ్ళు పడుతుంది. మనకున్నవి పన్నెండు రోజులు."

"అయితే నా దగ్గర ఖాళీ చిప్పుల బోర్డులు రెండున్నాయి చూడు. లోపలి తీగల అల్లిక మనమే రాసుకోవచ్చంటారు. ఒక్కోటి పది కార్డుల పెట్టు."

ఎలీహియా వాటివైపు ఆశగానే చూసింది. ఈ పనికి అన్నిటికన్నా మంచివి అవే. "ఆ అల్లిక రాసి సరిచూసుకోడానికి నాకు నెల పడుతుంది మామా. నెల తర్వాత గెలిస్తే ఎవడిక్కావాలి?"

"ఇంకేం మిగిలింది మరి?" అంది సునీల్దా.

ఎలీహియా అరటిపళ్ళ పెట్టెను కాలితో ముందుకు తోసింది. "ఇవి. చెప్పినట్టు వింటాయి, వేగంగానూ చేస్తాయి. ఒక్కోటి సెకనుకు ఐదొందల కోట్ల తాళంచెవులు పెట్టి చూస్తుంది. మొత్తం తాళంచెవులు ఏడొందల ఇరవై కోటి కోట్లు. పద్దెనిమిదీ కలిసి పరిగెత్తితే, ఎంత దురదృష్టమైనా తొమ్మిది రోజుల చిల్లరలో అయిపోతుంది."

"ఎవరివే ఇవి?" అన్నాడు ఒబ్దూలియో.

ఎలీహియా చీటీ చూపించింది. సునీల్దా చదివింది. చదివి, పెట్టె మీద ఉమ్మేసింది.

"వీడి సొమ్ముతోనా!"

"వీడి సొమ్ముతోనే. వీడి కరెంటుతో, వీడి కప్పు కింద. వాడి వేలితో వాడి కన్నే పొడిపిస్తాను, చూస్తూ ఉండు."

రెండు రోజుల్లో పదిహేడు కార్డులను లేపింది. పద్దెనిమిదోది ఇక లేవనని మొండికేసింది. దాని బదులు క్రిస్పీన్ కార్డు తెచ్చి పెట్టింది. పిల్లలతో కంప్యూటర్లో ఫుట్‌బాల్ ఆటలు ఆడుకోవడానికి వాడు కొనుక్కున్న కార్డు.

పదో తేదీ పొద్దున కార్డులన్నీ పట్టుకుని ఎలీహియా ఒరుయే షెడ్డులో దిగింది. వాడు ఎర్రగా, భారీగా, చేతిలో వెండికట్టు కొమ్ము గ్లాసుతో గుమ్మంలోనే ఎదురయ్యాడు.

"బాగయ్యాయా అమ్మా? వంతెన అవతల ఫోస్ నుంచి కొనేవాళ్ళు పద్దెనిమిదిన వస్తున్నారు."

"బాగయ్యాయి అయ్యా. కానీ రిపేరయిన కార్డుని తొమ్మిది రోజులు గట్టిగా పరిగెత్తించందే నేను చేతికివ్వను. నా పద్ధతి అది. నా కొట్టున్న గ్యాలరీలో నాలుగింటికే కరెంటు ఆపేస్తారు. మీ షెడ్డులో ఖాళీ ఉంటే ఇక్కడే పెడతాను."

అది అబద్ధం కాదు. బజారంతా ఆమె ఈ పద్ధతికి విసుక్కునేది, మెచ్చుకునేది కూడా. ఒరుయే మెచ్చుకునే రకం.

"పెట్టు, పెట్టు. కొనేవాళ్ళు కళ్ళారా చూస్తారు. ఏం పని చేయిస్తావు వాటిచేత?"

"లెక్క పెట్టిస్తాను అయ్యా. పెద్ద లెక్క."

ఇక ఆ రోజు నుంచి మధ్యాహ్నం కాగానే షెడ్డుకు వెళ్ళడం, తెరమీద అంకెలు చూడడం, ఒరుయే పక్కన కూర్చుని చల్లటి ఆకునీళ్ళు, తెరెరే, తాగడం. వాడు చల్లనీళ్ళు పోసి గ్లాసు అందిస్తే, వాడు పీల్చిన గొట్టంతోనే ఆమె పీల్చాలి. "గ్రాసియాస్" అని తిరిగిచ్చేస్తే ఇక చాలని అర్థం, లేచి పోవచ్చు. ఆమె అనలేదు. అక్కడే కూర్చోవాలి కాబట్టి గ్లాసు తర్వాత గ్లాసు తాగింది. ఇంటికి వెళ్ళి ఉప్పునీళ్ళతో నోరు పుక్కిలించేది.

ఒకరోజు కావాలనే ప్యానెల్ వైపు చూపించి అడిగింది.

"ఆ నల్ల డబ్బా ఏంటయ్యా?"

"అదా? కరెంటు ఆఫీసు గూఢచారి." ఒరుయే పొట్ట ఊగేలా నవ్వాడు. "నోరు కుట్టేసిన గూఢచారి. తాళంచెవి లేదు."

"వెతికి పట్టుకోలేరా?"

"నువ్వు కార్డులు రిపేరు చేస్తావు గానీ తాళాల సంగతి నీకు తెలియదు తల్లీ. నా నాణేలకి వేసే తాళం ఉందే, ప్రపంచంలో ఉన్న యంత్రాలన్నీ కట్టగట్టుకుని సూర్యుడు ఆరిపోయేదాకా వెతికినా దొరకదు. ఇదీ అంతే. తాళం తాళమే."

అక్కడే పప్పులో కాలేశాడు. పదేళ్ళుగా ఒకే రకం తాళంతో బతికినవాడికి లోకంలోని తాళాలన్నీ అంత పొడవే అనిపిస్తాయి. నాణేల తాళం రెండొందల యాభై ఆరుసార్లు బొమ్మా బొరుసూ వేసినట్టు. ఈ డబ్బా పాతది, దీనిది యాభై ఆరు సార్లే. ఒక్క విసురు పెరిగితే వెతుకులాట రెట్టింపవుతుంది, తగ్గితే సగమవుతుంది. రెండొందల విసుర్ల తేడా ఉన్నచోట వీడు తాళం తాళమే అని తొడగొడుతున్నాడు. డబ్బా పుస్తకం తిరగేసి ఉంటే తెలిసేది. పుస్తకాలు తిరగేసే పని క్రిస్పీన్‌ది.

"అంతేనంటారా అయ్యా," అని ఎలీహియా గ్లాసు అందుకుంది.

ఆ డబ్బా ఏ రాతనైనా తన సొంత పేరుతోనే మొదలుపెడుతుంది. తాళంచెవి పెట్టి తిప్పగానే ఆ పేరు కనబడితే అది సరైన చెవి. లేకపోతే తర్వాతది. కార్డులు చేసే పనంతా అంతే. తెరమీద నూటికి ఇంత అని అంకె పెరుగుతూ ఉండేది. ముప్పై. యాభై. అరవై దాటాక ఎలీహియాకు అన్నం సయించలేదు. పుస్తకం తప్పయితే? నకలులో ఒక్క అక్షరం చెడితే? మొత్తం వెతికి ఖాళీ చేతులతో ఇరవయ్యో తేదీన కోర్టు మెట్లెక్కాల్సి వస్తే?

పద్దెనిమిదో తేదీ పొద్దున ఎనభై మూడు దగ్గర అంకె ఆగిపోయింది. తెరమీద ఒక్క వరస నిలిచింది. ఏ కార్డు పట్టిందో చూసింది. క్రిస్పీన్ కార్డు కాదు. ఒరుయే పంపిన ఏడో నంబరు కార్డు. ఎలీహియా ఆ వరసను చీటీ మీద రాసుకుంది, కార్డులను మళ్ళీ ఉత్త లెక్కలో పెట్టింది, ఇప్పుడే వస్తానని చెప్పి నేరుగా సునీల్దాను తీసుకుని ప్రాసిక్యూటరు ఆఫీసుకు పోయింది.

కేసు కట్టలోని పెన్‌డ్రైవ్ తెప్పించి, గుమాస్తా ఎదుటే తెరిచారు. పైన డబ్బా పేరు, దాని కింద నాలుగు వరసలు.

మధ్యాహ్నం రెండూ ఏడుకు క్రిస్పీన్ తన గుర్తింపు కార్డుతో ప్యానెల్ దగ్గర బ్రేకరు తీశాడు. రెండూ పంతొమ్మిదికి ఆఫీసు గదిలోంచి వేశారు, ఒరుయే పేరుతో. వెంటనే దానంతటదే పడిపోయింది. రెండూ ఇరవైకి మళ్ళీ వేశారు. పడిపోయింది. రెండూ ఇరవై ఒకటికి మళ్ళీ వేశారు. పడిపోయింది. ఆ తర్వాత ఏమీ లేదు.

సునీల్దాకు మొదట అర్థం కాలేదు. "పడిపోవడం అంటే ఏంటి వదినా?"

చెప్పక తప్పలేదు. "మనిషి ఒంట్లోంచి కరెంటు పోతే బ్రేకరు పడిపోతుందే. యంత్రాలు ఆగిపోయాయని వాడు మళ్ళీ వేశాడు. లేచి వెళ్ళి చూడలేదు. కుర్చీలోంచే మూడుసార్లు వేశాడు."

సునీల్దా నేలమీద కూర్చుండిపోయి చేతిరుమాలు నోట్లో కుక్కుకుంది. ఎలీహియాకు మాత్రం ఒక్కటే వినబడుతోంది. మూడుసార్లు. మూడుసార్లు.

"మూడింటికల్లా వారంటు తెస్తాను," అంది ప్రాసిక్యూటరమ్మ. ఆవిడ అప్పుడే కాగితం ముందుకు లాక్కుంది. "వంతెన దాటితే బ్రెజిల్. ఇరవై నిమిషాల దారి. వాడు బెదరకుండా చూడండి."

"బెదరడు. నేను కూర్చుంటాను వాడి దగ్గర," అంది ఎలీహియా.

రెండు గంటలకు షెడ్డు చేరేసరికి ఒరుయే చిందులు తొక్కుతున్నాడు. ఒక వరసకు కరెంటు రావడం లేదు. సందులో ఎక్కడో బోల్టు వదులైంది. నాలుగింటికి ఫోస్ వాళ్ళు వస్తారు. ఎలక్ట్రీషియన్ లేడు. క్రిస్పీన్ పోయాక ఎర్నందారియాస్‌లో ఒక్క ఎలక్ట్రీషియన్ కూడా ఆ గుమ్మం తొక్కలేదు.

"ఎదవలు, ఒక్కడూ ఫోనెత్తడు! నేనే పోతాను. రెండు నిమిషాల పని. అమ్మా, ఆఫీసు గదిలో కూర్చో. నేను మైకులో చెప్పినప్పుడు ఆ ఆకుపచ్చ బొత్తాం నొక్కు. చెప్పేదాకా ముట్టుకోకు."

వేరెవరూ వేయకుండా బ్రేకరుకు ప్రతి ఎలక్ట్రీషియనూ తన సొంత తాళంకప్ప తగిలించి, చెవి జేబులో వేసుకుని లోపలికి దిగుతాడు. ఈ బ్రేకరుకు కప్ప తగిలించే కొక్కెం లేదు. యంత్రాలు ఒక్క నిమిషం ఎక్కువ ఆగకూడదని ఒరుయే ఏడాది కిందటే కోయించాడు. కోసిన గుర్తు ఇంకా మెరుస్తోంది. దాని పక్కనుంచే గుర్తింపు కార్డు గీకి, బ్రేకరు తీసి, పొట్ట బిగబట్టుకుని పక్కవాటుగా సందులోకి దూరాడు.

ఎలీహియా ఆఫీసు గదిలో, ఆ కుర్చీలో కూర్చుంది. ఎదుట తెరమీద ఆకుపచ్చ బొత్తాం. పక్కన కెమెరా బొమ్మలో ఒరుయే వీపు, రెండు పక్కలా వాడి భుజాలకు ఆనుతున్న రాగి. ఆమె మైకు దగ్గరికి లాక్కుంది.

"దొన్ విల్ఫ్రీదో, కదలకండి."

"ఏంటమ్మా? ఇంకా అవలేదు."

"నా వేలు బొత్తాం మీద ఉంది. కదలకండి. నేను క్రిస్పీన్ అక్కని."

వీపు బిగుసుకుపోయింది.

"ఎనిమిది రోజులుగా మీ కార్డులు లెక్కపెట్టింది మీ డబ్బా తాళాన్నే. దొరికింది. రెండూ ఏడుకి నా తమ్ముడు బ్రేకరు తీశాడు. రెండూ పంతొమ్మిదికి మీరు వేశారు. మొదటిసారి పొరపాటే అనుకుందాం. ఇరవైకి ఎందుకేశారు? ఇరవై ఒకటికి ఎందుకేశారు?"

"యంత్రం తప్పనుకున్నానమ్మా! లోపల ఎవరూ లేరనుకున్నా..."

"వాణ్ణి పంపింది ఎవరు?"

ఆమె మైకును నోటికి ఇంకా దగ్గరగా తెచ్చింది.

"వాడు తాగాడా?"

"లేదు... లేదు తల్లీ, తాగలేదు. నొక్కకు. నీ కాళ్ళు పట్టుకుంటా, నొక్కకు."

నొక్కాలనిపించింది. అనిపించడం కాదు, చెయ్యి మొత్తం ఆ బొత్తాం కోసం ఆకలేసినట్టు లాగింది. ఒక్కసారి, మళ్ళీ ఒకసారి, మూడోసారి. అప్పుడు లెక్క సరిపోతుంది. కానీ చస్తే వీడికి మంచి పేరొస్తుంది. షెడ్డులో ప్రమాదానికి బలయ్యాడని రేడియోలో చెబుతారు, వీడి వాకిట్లోనూ తొమ్మిది రోజులు ప్రార్థనలు జరుగుతాయి. బజారంతా వీడి పేరెత్తి ఉమ్మేయడం వీడు బతికి ఉండి వినాలి.

ఆమె తన వేలిని తాను నమ్మలేదు. వంగి, ఆ కంప్యూటరు ప్లగ్గును గోడలోంచి పీకేసింది. తెరతోపాటు బొత్తామూ ఆరిపోయింది. మైకు తీగ వేరు, అది పనిచేస్తూనే ఉంది.

"ఒక్క వేలు కదిలినా నొక్కుతాను," అని అందులో చెప్పింది. ఆ వెంటనే, "గ్రాసియాస్," అని మైకు బల్లమీద పెట్టింది.

బయటికి వచ్చి గేటు దగ్గర గట్టుమీద కూర్చుంది. సంచీలోంచి క్రిస్పీన్ కొమ్ము గ్లాసు తీసి, ఆకు వేసి, చల్లనీళ్ళు పోసుకుంది. ఎనిమిది రోజుల తర్వాత మొదటిసారి తెరెరే రుచి తెలిసింది. కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండానే తాగింది. మూడు దాటాక పోలీసు బండి వచ్చింది. వెనక సీట్లో సునీల్దా ఉంది. ఎలీహియా ఆమెకూ ఒక గ్లాసు పోసి ఇచ్చి, షెడ్డులోకి దారి చూపించింది.

ఒరుయే ఎక్కడివాడక్కడే ఉన్నాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. ప్యాంటు తడిసింది. భుజాలు రాగికి తగలకుండా బిగబట్టి నిలబడ్డాడు.

"బయటికి రావయ్యా," అన్నాడు పోలీసు.

"ముందు ఆవిణ్ణి ఆ బొత్తాం దగ్గర్నుంచి లేపండి," అన్నాడు ఒరుయే, తల తిప్పకుండా, ఏడుపు గొంతుతో. "దండం పెడతాను, ఆవిణ్ణి లేపండి. అప్పుడు వస్తా."

పోలీసు ఆఫీసు గదిలోకి తొంగి చూశాడు. ఆ కుర్చీ నలభై నిమిషాలుగా ఖాళీగానే ఉంది.